అర్జీ పైన "మహారాజశ్రీ" రాయాలా, "గారు" చాలా? నాన్నమ్మ పొలం కాగితం గురించి

లంకపిల్ల:
అందరికీ నమస్కారమండి. ఒక అర్జీ గురించి అడుగుదామని వచ్చాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమలో ఏటిగట్టు అవతల లంక ఊరు. నాన్నమ్మ పేర 62 సెంట్ల పొలం ఉంది. రీసర్వే అయ్యాక వచ్చిన కొత్త పాస్‌బుక్‌లో అది 26 సెంట్లని పడింది. హద్దుల గొడవ కాదు, ఎవరూ ఆక్రమించుకోలేదు, కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు అంకెలు తిరగబడ్డాయి అంతే. సరిచెయ్యమని తహసీల్దార్ గారికి అర్జీ పెట్టాలి, ఇంట్లో తెలుగు టైపింగ్ వచ్చింది నాకొక్కదానికే కాబట్టి ఆ పని నా మీద పడింది.

నేను పైన "తహసీల్దార్ గారికి, నమస్కారం" అని పెట్టి, విషయం, సర్వే నంబరు, పాత అడంగల్లో, అంటే ఊరి పొలాల రిజిస్టర్లో, ఎంతుంది కొత్తదాంట్లో ఎంతుంది, అన్నీ రాసి కింద "ఇట్లు" అని నాన్నమ్మ పేరు పెట్టాను. నాన్నమ్మ చదివించుకుని ఒప్పుకోలేదు. తాతయ్య ట్రంకుపెట్టె తీయించి పాత అర్జీ నకలు ఒకటి తీసింది, నీలం కార్బన్ కాపీ, మడతల దగ్గర చిరిగిపోతోంది, పైన "మహారాజశ్రీ తాలూకా తహశీల్దారు దొరవారి దివ్య సముఖమునకు" అని, చివర "చిత్తగించవలయును, ఇట్లు తమ విధేయుడు" అని. అలాగే రాయమంది. నేను రాయలేదు.

ఆఫీసులో ఇన్‌వర్డ్ దగ్గర కూర్చున్నాయన కాగితం చూసి "పైన గౌరవం రాయడం తెలీదా, ఎవరికి రాస్తున్నావో తెలుసా" అని వెనక్కి తోసేశాడు. అదే నోటితో 74 ఏళ్ళ మా నాన్నమ్మని "ఏయ్ ముసలమ్మా, అడ్డం తప్పుకో" అన్నాడు. నాన్నమ్మ మారు మాటాడకుండా చెంగు సర్దుకుని గోడవారకి జరిగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఏరు దాటించే పంటు మీద నిలబడి నన్నే తిట్టింది, మహారాజశ్రీ అని రాసుంటే ఇంత జరిగేది కాదంట.

నా ప్రశ్న రెండు ముక్కలండి. అసలు అర్జీ మీద ఏం రాయాలనేదానికి రూలేవైనా ఉందా? రెండోది, ఆయన నాన్నమ్మతో మాట్లాడిన తీరుకి ఏం చెయ్యాలి?

భీమారం_బాబాయ్:
అమ్మాయ్, ఆయన నాన్నమ్మగారిని అన్న మాట తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ మహారాజశ్రీ రాయడానికి అంత పట్టుదల ఎందుకమ్మా? మాట ఊరికే వచ్చేదే కదా, ఒక గౌరవం రాస్తే మన చెయ్యి అరిగిపోదు. మన గోదారి జిల్లాల్లో పిలుపంటేనే అండీ అని సాగుద్ది, పాలు పోసే అబ్బాయిని కూడా "ఏమయ్యా, రేపు పెందరాళే రాగలవా" అంటాం. కాటన్ దొరని చూడు, ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తయింది, ఇన్నేళ్ళయినా డెల్టాలో ఏ ఊరెళ్ళి అడిగినా కాటన్ దొర అంటారే గాని ఉత్త కాటన్ అని ఎవరూ అనరు. ఎవరైనా అనమని ఆర్డరేశారా? మర్యాద మన రక్తంలో ఉంది, దాన్ని ఇంగ్లీషు చదువుల్తో పోగొట్టుకోకండి అని నా మనవి.

కొబ్బరితోట:
బాబాయ్ గారూ కాటన్ దొరని దొర అన్నది ఆయన పని చూసి అన్నారండి, పొలానికి నీళ్ళొచ్చాయి కాబట్టి అన్నారు. మేం ఆఫీసులో మహారాజశ్రీ అని రాసేది భయంతో రాస్తాం. రెండూ ఒకటి కాదు. మా నాన్న అర్జీ రాయించుకోడానికి ఆఫీసు ఎదురుగా చెట్టు కింద కూర్చునే రాతగాడికి డబ్బులిచ్చి మరీ "దివ్య సముఖమునకు" అని రాయించుకునేవోడు, ఆ మాటకి అర్థమేంటో మా నాన్నకి తెలీదు, రాతగాడికీ తెలీదనుకుంటా, కానీ అది లేకపోతే కాగితం లోపలికెళ్ళదని ఇద్దరికీ గట్టి నమ్మకం.

పాత_సూపర్నెంటు:
నేను రెవెన్యూలో 1981లో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపర్నెంటుగా రిటైరయ్యాను, తెలిసింది చెప్తాను.

అమ్మా, మొదటి ప్రశ్నకి జవాబు: మహారాజశ్రీ రాయాలని ఏ రూలూ లేదు. గౌరవనీయులైన అని రాయాలని కూడా లేదు. అర్జీకి కావల్సింది ఎవరు రాస్తున్నారు, ఏ ఊరు, సర్వే నంబరు, ఏం కావాలి, సంతకమో వేలిముద్రో, తారీకు, ఫోన్ నంబరు. అంతే. పైన గౌరవవాచకం లేదని అర్జీ తీసుకోకపోవడం అన్నది నా సర్వీసులో నేను వినలేదు. ఆయన సొంతంగా పెట్టుకున్న రూలు అది.

ఇక ఆ మాటలు ఎక్కణ్ణించి వచ్చాయంటే, మా చిన్నప్పటి దస్తావేజుల్లో ప్రతి పేరు ముందూ "మ.రా.రా.శ్రీ" అని ఉండేది, మహారాజరాజశ్రీ అన్నమాట. అది ఒక్క ఆఫీసర్లకే కాదు, అప్పిచ్చే షావుకారుకీ రాసేవాళ్ళు, వియ్యంకుడికి రాసే ఉత్తరంలోనూ రాసేవాళ్ళు. అంటే అప్పట్లో అది ఒకళ్ళకొకళ్ళు రాసుకునే మర్యాదే. తర్వాత తర్వాత ఇళ్ళల్లో ఉత్తరాల్లోంచి అది పోయింది, ఒక్క అర్జీల్లో మిగిలిపోయింది, దాంతో కింద నుంచి పైకి మాత్రమే వెళ్ళే మాట అయిపోయింది. నేను చేరేటప్పటికి తాలూకాలు, 1984లో కరణాలు మునసబులు పోయారు, 1985లో మండలాలొచ్చి తహసీల్దార్ కాస్తా ఎమ్మార్వో అయ్యాడు, ఆ తర్వాత మళ్ళీ తహసీల్దార్ అయ్యాడు. పదవుల పేర్లు ఇన్నిసార్లు మారాయి, అర్జీ మీద మొదటి లైను మాత్రం మారలేదు.

ఆఫీసు లోపల మేం రాసుకునే పద్ధతి వేరు. పై ఆఫీసుకి రాసేది లెటరు, అందులో "అయ్యా" ఉంటుంది. కిందకి వెళ్ళేది మెమో, అందులో సంబోధనే ఉండదు, నేరుగా విషయంలోకి పోతుంది. కలెక్టర్ గారో జాయింట్ కలెక్టర్ గారో పేరు పెట్టి రాసే డి.ఓ. లెటర్లో, అంటే డెమీ అఫీషియల్ ఉత్తరంలో మాత్రం "డియర్ శ్రీ ఫలానా గారు" అని ఉంటుంది, ఇంగ్లీషు ఉత్తరంలో కూడా ఆ గారు అట్టాగే ఉంచుతారు, చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది గాని నాకు అది చాలా ఇష్టం. ఇంకో చిన్న సంగతి, మా పాతవాళ్ళు పదవికి "వారు", మనిషి పేరుకి "గారు" వాడేవాళ్ళు. "తహశీల్దారు వారి కార్యాలయము" అని బోర్డు మీద ఉంటుంది చూడండి. మీరు "తహసీల్దార్ గారికి" అని రాశారు, దాంట్లో ఏ లోపమూ లేదు.

లంకపిల్ల:
చాలా థాంక్సండి సూపర్నెంటు గారూ. మీరు చెప్పింది నాన్నమ్మకి చదివి వినిపించాను. "ఆయన రిటైరైపోయాడు కదా, అందుకే అలా చెప్తున్నాడు" అంది.

నరసాపురం_ప్లీడరు:
లీగల్ సైడు నేను చెప్తాను, కొంచెం ఎక్కువే ఉంది, ఎందుకంటే ఈ బిరుదుల గొడవ మన రాజ్యాంగంలోనే ఉంది. ఆర్టికల్ 18 ప్రకారం సైన్యానికి, చదువుకి సంబంధించినవి తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులివ్వకూడదు. బ్రిటీషు వాళ్ళు రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్ అని ఇచ్చేవాళ్ళు కదా, మన రాజమండ్రి వీరేశలింగం పంతులు గారికి కూడా 1893లో రావు బహద్దూర్ ఇచ్చారు, ఆ పద్ధతికి చెక్ పెట్టడానికే అది. మరి పద్మశ్రీలు ఎలా ఇస్తున్నారని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే 1995 డిసెంబరులో కోర్టు ఏమందంటే అవి పురస్కారాలు, బిరుదులు కావు, కాబట్టి ఇవ్వొచ్చు, కానీ పేరుకి ముందో వెనకో తగిలించుకోకూడదు అంది. మన దగ్గర ఫ్లెక్సీల మీద పద్మశ్రీ ఫలానా అని వేస్తారు, అది ఆ తీర్పుకి విరుద్ధమే.

రాష్ట్రపతి గారి సంగతే తీసుకోండి. 2012 అక్టోబరులో ప్రణబ్ ముఖర్జీ గారు రాష్ట్రపతిగా ఉండగా "హిజ్ ఎక్సలెన్సీ" అనే మాట దేశం లోపల వాడకం తీసేశారు, విదేశీ ప్రతినిధులతో వ్యవహారాల్లో మాత్రం ఉంచారు. హిందీలో మహామహిమ్ పోయి రాష్ట్రపతి మహోదయ్ వచ్చింది. రాష్ట్రపతికే అక్కర్లేని దివ్య సముఖం మండలాఫీసుకి ఎందుకండీ.

కోర్టుల్లో కూడా అంతే, 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా "మై లార్డ్" వలస కాలం నాటి మాట, హైకోర్టు సుప్రీంకోర్టుల్లో "యువర్ ఆనర్" లేదా గౌరవ న్యాయస్థానం అనండి, కింది కోర్టుల్లో సార్ అంటే చాలు అని రూలు చేసింది. 2014లో సుప్రీంకోర్టు కూడా మై లార్డ్ అనడం తప్పనిసరేం కాదు, మర్యాదగా సంబోధిస్తే చాలు అంది. అయినా మా వాళ్ళం ఇప్పటికీ మై లార్డే అంటాం, ఎందుకంటే పక్క వకీలు అంటున్నాడు, మనం అనకపోతే జడ్జి గారు ఏమనుకుంటారో, కేసు క్లయింటుది కదా అని. నేనూ అంటాను. ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే నాన్నమ్మగారి మీద నాకు కోపం రాలేదు. ఆవిడ 62 సెంట్లు కాపాడుకోడానికి చూస్తోంది.

అర్జీ తీసుకోకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎన్నాళ్ళయినా కదలకపోతే సమాచార హక్కు కింద నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారని అడగొచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

టీచరమ్మ_రాజోలు:
ప్లీడరు గారూ బాగా చెప్పారు. నాదొక మాట. మగవాళ్ళకి రాసే మహారాజశ్రీ గురించే మాట్లాడుతున్నారు, ఆడవాళ్ళ పేరు ముందు ఏం రాశారో ఎవరైనా చూశారా? పాత కాగితాల్లో పెళ్ళైన ఆవిడైతే చి.ల.సౌ., చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నమాట. భర్త పోయిన ఆవిడైతే "గంగాభాగీరథీ సమానురాలైన" అని రాసేవాళ్ళు. గంగతో సమానం అన్నట్టు పైకి గొప్పగా ఉంటుంది, కానీ ఆ మాట చూడగానే ఈవిడ విధవ అని ఊరందరికీ తెలుస్తుంది, అందుకే రాసేవాళ్ళు. మా అమ్మమ్మ పొలం దస్తావేజులో అదే ఉంది. చిన్నప్పుడు నేను బళ్ళో నేర్చుకున్న చదువుతో ఆ లైను గట్టిగా చదివి అర్థమేంటని అడిగితే అమ్మమ్మ ఏమీ చెప్పకుండా కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి పెట్టేసింది. 40 ఏళ్ళయింది, ఆ మడిచిన తీరు నాకు ఇంకా కళ్ళముందే ఉంది.

గౌరవవాచకాలన్నీ గౌరవానికే పుట్టాయనుకోవద్దు బాబాయ్ గారూ, కొన్ని మనిషిని ఒక గీత వెనక నిలబెట్టడానికి పుట్టాయి.

భీమారం_బాబాయ్:
టీచరమ్మ గారూ, మీరు చెప్పింది నేను ఆలోచించలేదండి. మా మేనత్త పేరు ముందు కూడా అదే ఉండేది.

తలారిమనవడు:
చాలాసేపట్నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను.

మా తాత ఊరి తలారి. శిస్తు వసూలుకి దండోరా వేసేది ఆయనే, ఆఫీసరొస్తే గొడుగు పట్టేది ఆయనే, శవం కొట్టుకొస్తే ఏటిగట్టు మీద రాత్రంతా కాపలా కాసేదీ ఆయనే. సర్కారు ఉద్యోగమే కదా మరి. కరణం గారు, మునసబు గారు, తలారోడు. ముగ్గురూ ఒక ఊరి ఆఫీసే, రెండు పేర్ల దగ్గర గారు, మూడో పేరు దగ్గర డు. ఆయనకో పేరుందని ఊళ్ళో సగం మందికి తెలీదు. ఆయన మాత్రం కరణం గారి మనవణ్ణి, నాలుగేళ్ళ పిల్లాణ్ణి, "బాబుగారూ తమరు" అనేవాడు. నేను పక్కనుండగా అన్నాడు ఒకసారి, ఆ పిల్లాడూ నేనూ ఒకే ఈడు.

తర్వాత ఆ ఉద్యోగం పేరు వీఆర్ఏ అయింది, గ్రామ రెవెన్యూ సహాయకుడు. మా నాన్న అందులో చేశాడు. పేరు మారింది గాని పిలుపు మారలేదు, ఒరేయ్ అనే మాట ఆఫీసులో ఆయనొక్కడికే ఉండేది. కులం పేరు పెట్టి పదిమందిలో పిలిస్తే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసవుతుందని తెలిశాక కులం పేరు ఆగింది, ఒరేయ్ ఆగలేదు, దానికి సెక్షన్ లేదు కదా.

భీమారం బాబాయ్ గారూ మీరంటే గౌరవంతోనే అంటున్నాను, మర్యాద మన రక్తంలో ఉంది అన్నారు, ఆ మర్యాద మా ఇంటి గుమ్మం దాకా రాలేదండి. గోదారి జిల్లాల అండీ చాలా అందమైన మాట, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆ మాట వినపడితే తల తిప్పి చూస్తాను. కానీ ఆ మాట మా తాత జీవితమంతా అన్నాడు, ఒక్కసారీ అనిపించుకోలేదు.

కొబ్బరితోట:
తమ్ముడూ, కాదు, తలారిమనవడు గారూ. ఏం రాయాలో తెలీట్లేదు.

మా నాన్న సంగతి ఒకటి చెప్తాను. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతుల వారీ నీళ్ళిచ్చినప్పుడు రాత్రిళ్ళు బోదె కాలవ దగ్గర కాపలా కాసేవాళ్ళం. లాకుల దగ్గర తలుపులు తిప్పేది లస్కరు. ఇరిగేషన్ ఇంజినీరు ఏఈ గారొస్తే రైతులందరూ లేచి నిలబడి కండువా తీసి సార్ సార్ అనేవాళ్ళు, ఆయనెళ్ళగానే లస్కర్ని ఒరేయ్ రెండు మరలు ఎక్కువ తిప్పరా అనేవాళ్ళు. మా నాన్నొక్కడే "లస్కరు గారూ" అని పిలిచేవాడు, టీ తాగేటప్పుడు ఆయనకి మొదట పోసేవాడు. మిగతావాళ్ళు ఎగతాళి చేస్తే "తెల్లారుజాము మూడింటికి వానలో తలుపు తిప్పేది ఆయన, ఏఈ గారు కాదు" అనేవాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు, నాన్న ఎందుకలా అంటున్నాడో నాకు అర్థం కాలేదు, ఆ లస్కరు మొహం మాత్రం గుర్తుంది, గారూ అనగానే ముందు వెనక్కి తిరిగి చూసేవాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని.

సచివాలయం_డిజిటల్:
కౌంటరు ఇవతల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు చేరిన వాళ్ళలో చాలామందిమి పాతికేళ్ళ లోపు వాళ్ళం. ఆఫీసంటే భయం పోవాలనే ఊళ్ళోకి తెచ్చారు, మంచిదే. కానీ ఊరివాళ్ళు మండలాఫీసుకెళ్ళి తమరు అంటారు, మా దగ్గరకొచ్చి "ఏయ్ అమ్మాయ్, ఇది కొట్టు బేగి" అంటారు. సర్వర్ పడిపోతే నా తప్పు, ఆధార్లో పుట్టినతేదీ తప్పుంటే నా తప్పు. ఒకాయన పింఛను కాగితం నా కీబోర్డు మీద విసిరేసి "నీ జీతం మా పన్నుల్లోంచే పిల్లా" అన్నాడు, ఆయన వయసు మా నాన్న వయసు, నేనేమీ అనలేక ప్రింటు తీసిచ్చాను, ఇంటికెళ్ళాక అన్నం తినలేదు.

ఇంకోటి, మా దగ్గరికి ఎవరొచ్చినా ఫారాల మీద "అయ్యా" అని అచ్చేసుంటుంది. మా ఎంపీడీఓ గారు ఆవిడ, తహసీల్దార్ గారు ఆవిడ, ఏఎన్ఎం ఆవిడ, నేను ఆవిడ. ఎవరికి అయ్యా?

అందుకే లంకపిల్ల గారు రాసిన "గారికి, నమస్కారం" నాకు నచ్చింది. గారు అంటే మగా ఆడా తేడా లేదు, పెద్దా చిన్నా తేడా లేదు. సార్ మేడం అనక్కర్లేదు. మన భాషలో ఇంత మంచి మాట పెట్టుకుని అర్జీలో మాత్రం వదిలేస్తున్నాం.

ఆత్రేయపురం_అల్లుడు:
అయ్యా అంటే గుర్తొచ్చింది. మా అత్తగారి ఊళ్ళో సర్పంచ్ ఆవిడ. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకి కదా. గోదావరి జిల్లాల్లో సర్పంచ్‌ని ప్రెసిడెంటు గారు అంటాం. ఊళ్ళో ప్రెసిడెంటు గారు అని కేకేస్తే పలికేది ఆవిడ భర్త. మీటింగులో కుర్చీ ఆవిడకి వేస్తారు, "ప్రెసిడెంటు గారూ" అని ఆయన వైపు తిరిగి మాట్లాడతారు. ఆవిడ పేరు చివర గారు పెట్టి ఊళ్ళో పిలిచేది బహుశా బడిపిల్లలే, వాళ్ళకి మాస్టారు నేర్పారు.

నరసాపురం_ప్లీడరు:
డిజిటల్ గారు చెప్పిన దానికి ఒక ఉదాహరణ ఉందండి. కేరళలో పాలక్కాడ్ జిల్లా మాథూర్ పంచాయతీ వాళ్ళు 2021లో తమ ఆఫీసులో సార్, మేడం అనే మాటలు నిషేధించుకున్నారు. ఉద్యోగుల్ని పేరుతోనో హోదాతోనో పిలవొచ్చన్నారు, కనపడేలా బోర్డు కూడా పెట్టారు. అర్జీలో "ప్రాధేయపడుతున్నాను" లాంటి మాట అక్కర్లేదు, నాకు ఇది కావాలి, ఇది నా హక్కు అని రాయండి అన్నారు. అక్కడ వాళ్ళకి సార్ బదులు ఏమనాలనే ఇబ్బంది వచ్చింది. మనకి గారు రెడీగా ఉంది.

పాత_సూపర్నెంటు:
ప్లీడరు గారూ, పేరు పెట్టి పిలవడం మా తరానికి కష్టం, దాని జోలికి పోవద్దు. కానీ తలారిమనవడు గారు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నా 30 ఏళ్ళ పైచిలుకు సర్వీసులో వీఆర్ఏలని, అటెండర్లని నేను ఎలా పిలిచానో ఒక్కొక్కళ్ళనీ గుర్తు చేసుకున్నాను. ఒక అటెండరు నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను ఆఫీసర్ని గారు అంటూ ఆయన్ని నువ్వు అన్నాను, రోజూ, ఏళ్ళ తరబడి. ఆయన ఉన్నాడు, కొత్తపేట వైపు ఉంటాడు. ఆదివారం వెళ్ళి కలిసొస్తాను.

లంకపిల్ల గారూ, ఆయన మాట్లాడిన తీరుకి ఏం చెయ్యాలని అడిగారు కదా. కంప్లయింటు పెట్టే ముందు ఒక పని చేయండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మీరు ఆయన్ని గారు అనే పిలవండి, "నాన్నమ్మగారికి 74 ఏళ్ళండి, ఆవిణ్ణి మీరు అనండి" అని మామూలు గొంతుతో చెప్పండి. చుట్టూ పదిమంది ఉన్నప్పుడు చెప్పండి. గొంతు పెంచితే మీ గొంతు గురించే మాట్లాడతారు. కాగితం తీసుకోకపోతే అప్పుడు తహసీల్దార్ గారి దగ్గరకే నేరుగా వెళ్ళండి, అది మీ హక్కు.

ఇంకో మాట, కింద "ఇట్లు" ఒక్కటే వద్దు, "భవదీయురాలు" అని పెట్టండి. విధేయురాలు అంటే చెప్పింది వినేది, భవదీయురాలు అంటే మీ మనిషి. అర్జీదారు ఆఫీసు చెప్పింది వినే మనిషి కాదు.

భీమారం_బాబాయ్:
తలారిమనవడు గారూ, మీకు సమాధానం చెప్పకుండా వేరే మాట్లాడటం నాకు బాలేదు. మా ఇంట్లో చేపల చెరువు కాడ పనిచేసేవాళ్ళలో మా నాన్నగారి ఈడు ఆయనున్నాడు. మేం నలుగురం అన్నదమ్ములం ఆయన్ని ఒరేయ్ అనే పెరిగాం, ఆయన మమ్మల్ని రాజుగారూ అంటాడు. నిన్న పొద్దున్న నేను మీరు అని మాట్లాడాను. ఆయన భయపడ్డాడండి. పని మానిపిస్తున్నారా బాబూ అని అడిగాడు.

తలారిమనవడు:
రేపు కూడా అలాగే మాట్లాడండి బాబాయ్ గారూ.

లంకపిల్ల:
అందరికీ అప్‌డేట్. సోమవారం మళ్ళీ వెళ్ళాం. అర్జీ ఇలా రాశాను, ఎవరికైనా పనికొస్తుందని పెడుతున్నాను:

"తహసీల్దార్ గారికి, నమస్కారం.
విషయం: కొత్త పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పుగా పడింది, సరిచేయాలి.
నా పేర ఉన్న భూమి పాత అడంగల్ ప్రకారం 62 సెంట్లు. రీసర్వే తర్వాత 26 సెంట్లని నమోదైంది. పాత అడంగల్ నకలు, పాత పాస్‌బుక్ నకలు, కొత్త పాస్‌బుక్ నకలు జతచేశాను. సర్వేయర్ గారితో కొలిపించి సరిచేసి, ఈ అర్జీ ముట్టినట్టు రసీదు ఇవ్వగలరు.
భవదీయురాలు"

నాన్నమ్మ భవదీయురాలు అంటే ఏంటని అడిగితే సూపర్నెంటు గారు చెప్పిందే చెప్పాను. "వాళ్ళ మనిషినా నేను?" అని కాసేపు ఆలోచించి "సరే, ఉండనీ" అంది. తనే సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం విడిగా, వొత్తులు కిందికి జారి పక్క లైను మీద పడ్డాయి.

ఇన్‌వర్డ్ దగ్గర ఆయనే ఉన్నాడు. నాకు కాళ్ళు వణికాయి గాని సూపర్నెంటు గారు చెప్పినట్టే "సార్ గారూ" అనేశాను తడబడి, తర్వాత ఆ మాట చెప్పాను. ఆయన నాకేసి చూసి ఏమీ అనలేదు. కాగితం తీసుకుని స్టాంపు కొట్టాడు. నాన్నమ్మ వైపు చూడకుండా బెంచీ చూపించి "అక్కడ కూర్చోండి" అన్నాడు. కూర్చోండి అన్నాడండి. నాన్నమ్మ కూర్చోలేదు, ఫర్లేదు బాబూ అని నిలబడే ఉంది, నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

సచివాలయం_డిజిటల్:
రసీదు నంబరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. కొలతకి వచ్చే ముందు నోటీసు ఇస్తారు, పక్క పొలాల వాళ్ళకి కూడా ఇవ్వాలి, వాళ్ళని ఆ రోజు ఉండమని ముందే చెప్పండి. సర్వేయర్ గారితో మీ ఊరి వీఆర్ఏ గారు కూడా వస్తారు, ఎండలో గొలుసు పట్టుకునేది ఆయనే, మంచినీళ్ళు ఇద్దరికీ ఉంచండి.

లంకపిల్ల:
నోటీసు వచ్చిందండి, గురువారం కొలతకి వస్తారంట. పైన "శ్రీమతి" అని రాసి నాన్నమ్మ పేరు, పక్కన భర్త లేటు అని తాతయ్య పేరు ఉంది. టీచరమ్మ గారు చెప్పిన మాట గుర్తొచ్చి ఆ లైను నేను గట్టిగా చదివాను. "తాతయ్య పోయాక కూడా శ్రీమతి అనే రాస్తారా" అని అడిగింది. రాస్తారు నాన్నమ్మా అన్నాను. ఇంకోసారి చదవమంది. తర్వాత నోటీసు తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో తాతయ్య కార్బన్ కాపీ మీద పెట్టింది. గురువారం కొబ్బరిబొండాలు దింపించమని బాబాయికి చెప్పింది, ఎన్ని అంటే వచ్చేవాళ్ళందరికీ అంది.